నూకరత్నానికి నేర్పిన మర్యాద

కెరటం టీవీలో నా హోదా ధ్వని పర్యవేక్షకుడు. విజిటింగ్ కార్డు మీద అలాగే ఉంటుంది. చేసే పని మాత్రం ఒక్కటే, ఎవరైనా నోరు జారితే బీప్ బటన్ నొక్కడం. మాది కాకినాడ పక్కన సముద్రపొడ్డు ఊళ్ళకి మాత్రమే వచ్చే చిన్న కేబుల్ చానల్. ఇక్కడ రాజకీయ చర్చలకి వచ్చేవాళ్ళు కూడా ఎదుటి పార్టీవాణ్ణి ‘బావా’ అని పిలిచి మరీ దెబ్బలాడతారు. అందుచేత మొదటి నాలుగేళ్ళూ నా వేలికి పెద్దగా పని లేకపోయింది. జీతం తీసుకునే రోజున కొంచెం సిగ్గేసేది.

ఆ సిగ్గు పోగొట్టింది కుటుంబ వీక్షక పరిరక్షణ పరిషత్తు.

పరిషత్తు గురించి చెప్పేముందు నూకరత్నం గురించి చెప్పాలి. అరవై ఏళ్ళ మనిషి. నలభై ఏళ్ళు గంపతో చేపలమ్మింది. మా యజమాని కొండబాబు గారు ఆవిణ్ణి తీసుకొచ్చి రోజూ సాయంత్రం అయిదు గంటలకి కెమెరా ముందు కూర్చోబెట్టారు. ఆ టైముకే మరి ఒడ్డున బోట్లవాళ్ళు ఐసు ఎక్కించాలా వద్దా అని తేల్చుకుంటారు. వాతావరణశాఖ నుంచి వచ్చిన కాగితం ఎవరైనా ఆవిడకి చదివి వినిపిస్తే, ఆవిడ దాన్ని తన మాటల్లో ఒడ్డుకి చెబుతుంది. అంతకుముందు ఆ కాగితాన్ని ఇస్త్రీ చొక్కా వేసుకున్న కుర్రాడొకడు ‘మత్స్యకారులు వేటకు వెళ్ళరాదు’ అంటూ చదివేవాడు. మబ్బు కనబడితే చాలు ఆ మాటే అనేవాడు కాబట్టి ఎవరూ వినేవారు కాదు. నూకరత్నం మాట వినేవారు. ఎందుకంటే ఆవిడ తిట్టేది.

ఆ తిట్లకి ఒక లెక్క ఉంది. ఎవరూ కూర్చుని రాసింది కాదుగానీ ఒడ్డున పిల్లాడి దగ్గర్నుంచి ముసలాడి దాకా అందరికీ తెలుసు. ‘ఎదవల్లారా’ అంటే సముద్రం బాగుంది, పోయి రండి. ‘దిక్కుమాలినోళ్ళారా’ అంటే దూరం పోకండి, మధ్యాహ్నానికి వచ్చెయ్యండి. ‘మీ జిమ్మడిపోనూ’ అంటే చిన్న తెప్పలు కదలకూడదు. ఇక ‘మీ పీనుగులెళ్ళా’ అందంటే పెద్ద బోట్లు కూడా లంగరు ఎత్తవు. గాలి గంటకి ఎన్ని కిలోమీటర్లో ఆ కాగితంలో ఉంటుంది. అది అర్థం కానివాడికి కూడా పీనుగు సంగతి అర్థమవుతుంది. అందుకే ఆ తిట్లకి నేనెప్పుడూ బీప్ నొక్కలేదు.

ఆవిడ భర్త ఓ వాయుగుండం రోజున వేటకి పోయి తిరిగి రాలేదు. “ఎల్లొత్తానే అన్నాడండి. సరే ఎల్లిరా అన్నానండి. అంతే అన్నాను” అని నాతో ఒకే ఒక్కసారి చెప్పింది. ఏడవలేదు. ఆ తర్వాతెప్పుడూ ఆ ఊసెత్తలేదు. ఆవిడకున్న ఒక్క కొడుకు ధనరాజు కూడా బోటు మీదే పనిచేస్తాడు.

ఇప్పుడు పరిషత్తు సంగతి. బీచి రోడ్డులో కొత్తగా కట్టిన ఓ అపార్టుమెంటులో చామర్తి విశ్వపతి గారనే రిటైర్డ్ సబ్ రిజిస్ట్రార్ ఉంటారు. ఒకనాడు ఆయన ఇంటికి పెళ్ళిచూపుల మాట మాట్లాడ్డానికి పెద్దమనుషులొచ్చారు. వాళ్ళకి ఆయన అయిదేళ్ళ మనవడు కుర్చీలు చూపించి, “మీ జిమ్మడిపోనూ, నిలబడ్డారేంటి, కూర్చోండి” అన్నాడట. నిజానికి ఆ పిల్లాడు మంచి మనసుతోనే అన్నాడు. పెళ్ళిచూపుల మాట అక్కడితో ఆగిపోయింది. మర్నాడే పరిషత్తు పుట్టింది.

పరిషత్తు పని చాలా క్రమశిక్షణతో మొదలైంది. తల్లిదండ్రులు షిఫ్టులు వేసుకుని టీవీల ముందు కూర్చున్నారు. ఒక్కొక్కరి ఒళ్ళో ఒక నోటుబుక్కు. ఉదయం ఆరింటి నుంచి ఏ చానల్లో ఎవరు ఏ మాటన్నా రాసుకోవడమే. చెడు మాటలు పిల్లల చెవిన పడకూడదు కనుక ఆ సమయంలో పిల్లల్ని ఇంట్లోంచి బయటికి పంపేసేవారు. పిల్లలు పోయి హార్బరులో ఆడుకునేవారు. సాయంత్రానికి పెద్దవాళ్ళ నోటుబుక్కుల్లో ఉన్న మాటలన్నీ, ఇంకో నాలుగు అదనంగా, నేర్చుకుని ఇంటికొచ్చేవారు. దాంతో టీవీ ప్రభావం ఎంత తీవ్రంగా ఉందో పరిషత్తుకి రుజువైపోయింది, షిఫ్టులు పెంచారు.

ఒకరోజు విశ్వపతి గారు, కార్యదర్శి ప్రసూన గారు మా ఆఫీసుకి వచ్చారు. ప్రసూన గారు ఓ స్కూలు నడుపుతారు. కొండబాబు గారు కూల్‌డ్రింకులు తెప్పించారు. విశ్వపతి గారు తీసుకోలేదు.

“మీ ప్రసారాలయందు అభ్యంతరకర పదజాలం విరివిగా దొర్లుతున్నట్లు పరిషత్తు దృష్టికి వచ్చియున్నది. తత్సంబంధిత పదముల పట్టికను ఇందుమూలముగా దాఖలు చేయుచున్నాము” అని ఆయన లక్క ముద్ర వేసిన కవరొకటి బల్లమీద పెట్టారు.

కొండబాబు గారు దాన్ని నా చేతికిచ్చారు. నేను చింపబోయాను.

“ఆగండి!” అన్నారు ప్రసూన గారు. “అందులో ఉన్నవి చదవకూడని మాటలు. బాధ్యత గల ఉద్యోగి చేత మేం అలాంటివి చదివిస్తామా?”

“చదవకపోతే ఏ మాటకి నొక్కాలో నాకెలా తెలుస్తుందండీ?”

“చదవకుండానే తెలిసేంత సంస్కారం మీకు ఉండాలి” అన్నారు విశ్వపతి గారు.

కవరు బీరువాలో పెట్టి తాళం వేశాం. తాళంచెవి పరిషత్తు తీసుకుంది. పై అధికారులకి కూడా ఫిర్యాదు వెళ్ళిందనీ, లైసెన్సు మీదకి వస్తుందనీ భయపడి కొండబాబు గారు నన్ను పక్కకి పిలిచారు. “నీకెందుకులే, ఆవిడ నోరు తెరిస్తే నొక్కెయ్” అన్నారు.

నొక్కాను. నూకరత్నం చెప్పేది స్టూడియోలోంచి ఏడు సెకన్లు ఆలస్యంగా బయటికి పోతుంది కనుక ప్రతి తిట్టునీ దొరకబుచ్చుకోవచ్చు. “ఒరేయ్ బీప్, గాలి తిరుగుతుందంట, తెప్పలేసుకుని పోయారా, బీప్, మీ బీప్” అని వెళ్ళేది. మొదటి రెండు రోజులూ ఒడ్డున గందరగోళం. మూడో రోజుకల్లా వాళ్ళు సర్దుకున్నారు. పొట్టి బీప్ అంటే ఎదవ, కొంచెం సాగితే దిక్కుమాలినోడు, మరీ సాగితే పీనుగు. చెవులు రిక్కించి వినేవారు. మా చానల్‌కి అంత శ్రద్ధగల ప్రేక్షకులు అంతకుముందెప్పుడూ లేరు.

ఒకనాడు పొద్దున్నే నలుగురు జాలర్లు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. “ఏటి బాబూ, నిన్న అంత పొడుగ్గా నొక్కేశావు? పీనుగనుకుని బోట్లు కట్టేసేం. తెల్లారి చూత్తే సముద్రం పళ్ళెంలాగుంది” అన్నారు.

నిజమేమిటంటే నేను టీ తాగుతూ వేలు తియ్యడం మర్చిపోయాను. చెప్పడానికి మనసొప్పక, “గాలి దిశ మారిందయ్యా” అన్నాను. ఆ రోజు నుంచి టీ మానేశాను. బాధ్యత అనే మాటకి అర్థం నాకు అప్పుడు తెలిసింది.

అంతలో ప్రసూన గారి స్కూల్లో పిల్లలు ఒకర్నొకరు బీప్ అని తిట్టుకోవడం మొదలుపెట్టారు. లెక్కల టీచరు వెనక్కి తిరిగితే చాలు, వెనక బెంచీలోంచి ఓ పొడుగాటి బీప్ వచ్చేదట. పరిషత్తు అత్యవసర సమావేశం పెట్టి ఉపసంఘం వేసింది. ఉపసంఘం నివేదిక నేను చదివాను. ‘బీప్ అను ధ్వని స్వతహాగా నిర్దోషియే అయినను, దాని వెనుక నున్న పదము విన్నవారి మనస్సున మరింత స్పష్టముగా ధ్వనించుచున్నందున, సదరు ధ్వనిని అభ్యంతరకర పదముల పట్టికలో చేర్చవలెను’ అని ఉంది. తాళంచెవి తెచ్చి, బీరువా తీసి, కవరు విప్పి, పట్టికలో బీప్ చేర్చి, మళ్ళీ లక్క వేశారు.

బీప్ బదులు వీణ పెట్టమన్నారు. తిట్టు వచ్చిన చోటల్లా నాలుగు సెకన్ల వీణ. నూకరత్నం కార్యక్రమం సంగీత కచేరీ అయిపోయింది. వీణలో పొట్టీ లేదు, పొడుగూ లేదు. ఎదవకీ పీనుగుకీ ఒకే రాగం. జాలర్లు మళ్ళీ నా దగ్గరికి వచ్చారు. వాళ్ళ మొహాలు చూసి ఈసారి నాకు నిజంగానే బాధేసింది. నా చేతిలో ఏమీ లేదని చెప్పి పంపేశాను.

వీణ కూడా చాలలేదు. వీణ మోగుతున్నా పెదవులు కదులుతున్నాయని ఇంకో ఫిర్యాదు. చివరికి మందు కొమ్మకి కాదు, మొదలుకే వెయ్యాలని తీర్మానించి, నూకరత్నానికి మర్యాద నేర్పడానికి పరిషత్తు పదిహేను రోజుల శిక్షణ పెట్టింది. ప్రసూన గారే స్వయంగా వచ్చి నేర్పారు.

“దయచేసి అనండి.”

“దయచేసండి.”

“గౌరవనీయులైన గంగపుత్రులారా.”

“మా ధనరాజుగాడిని కూడా గౌరవనీయులనే అనాలా అండీ?”

“అందర్నీ.”

“ఆడు నవ్వుతాడండీ.”

“నవ్వనివ్వండి. నవ్వుతూ నేర్చుకుంటారు.”

ఆవిడ శ్రద్ధగానే నేర్చుకుంది. చానల్ పోతే ఒడ్డుకి కబురు చెప్పే దారే పోతుందని ఆవిడ భయం. పదిహేను రోజుల తర్వాత ఆవిడకి పరిషత్తు శాలువా కప్పింది. ఇకమీదట వాతావరణశాఖ కాగితం ముందు పరిషత్తుకి వెళ్తుంది, వాళ్ళు మర్యాదగా తిరగరాసి, ముగ్గురు సంతకాలు పెట్టి పంపుతారు, ఆవిడ వల్లెవేసి చెప్పాలి అని ఏర్పాటైంది. నా పక్కన ప్రసూన గారికి పరిశీలకురాలిగా ఓ కుర్చీ వేశారు.

సరిగ్గా అప్పుడే వాయుగుండం వచ్చింది. మర్నాటి పొద్దుటికి తుఫానై తీరం దాటుతుందని కాగితం. మధ్యాహ్నం రెండింటికే వచ్చింది గానీ, మూడో సంతకం పెట్టాల్సినాయన ఏదో సీరియల్ మీద నిఘాలో ఉండి లేవలేకపోయారు. అయిదింటికి రెండు నిమిషాల ముందు కాగితం స్టూడియోకి చేరింది. అసలు కాగితం, తిరగరాసింది రెండూ ఎవరో గబగబా చదివి వినిపించారు. నూకరత్నం కెమెరా ముందు కూర్చుంది.

“గౌరవనీయులైన గంగపుత్రులారా, నమస్కారమండి. సముద్రుడు కొంత అసౌకర్యముగా ఉన్నారండి. కావున తమరు దయచేసి, వీలైతే, వేట విషయమై పునరాలోచించుకోగలరని మనవండి. సెలవండి.”

ప్రసూన గారి కళ్ళు చెమర్చాయి. “ఎంత బాగా చెప్పారు!” అన్నారు. నేను ఒక్కసారి కూడా నొక్కలేదు. ఎవరూ తప్పు పట్టలేని ప్రసారం మా చానల్ చరిత్రలో అదొక్కటే.

తర్వాత ప్రకటనలు నడుస్తుండగా నూకరత్నం ఫోన్ మోగింది. ధనరాజు. స్పీకరు మీద పెట్టింది కాబట్టి నాకూ వినబడింది. వెనకాల ఇంజన్ల చప్పుడు, ఐసు గడ్డలు పడుతున్న చప్పుడు.

“అమ్మా, ఏటే నువ్వు? ‘దయచేసి’ అన్నావంట! రేవంతా నవ్వుకుంటన్నారే. నూకరత్నం తిట్టలేదంటే సముద్రం తల్లి శానా సల్లగా ఉందని బోట్లన్నీ తీసేత్తన్నారు. మేం కూడా ఎల్లిపోతన్నాం. రెండ్రోజుల్లో వచ్చేత్తాం. ఎల్లొత్తానే.”

ఫోన్ కట్టయింది. మళ్ళీ చేసింది, ఎత్తలేదు. ఇంకోసారి చేసింది, ఎత్తలేదు.

ఆవిడ ఫోన్ బల్లమీద పెట్టేసింది. కుర్చీలోంచి లేచి, స్టూడియోకీ నా గదికీ మధ్యనున్న అద్దం దగ్గరికి వచ్చి నాతో, “బాబూ, ప్రకటన ఆపెయ్యి” అంది. గొంతు పెద్దది చెయ్యలేదు. నేను ఆపేశాను. ఎవరినీ అడగలేదు. కెమెరా ముందుకి పోయి నిలబడింది. కూర్చోలేదు.

“ఒరేయ్ ధనరాజూ! సచ్చినోడా! నీ పీనుగెళ్ళా! దిగు. బోటు దిగు ముందు. ఏటిరా నవ్వుతున్నావు, నీ పళ్ళు రాలిపోనూ!”

“నొక్కండి” అన్నారు ప్రసూన గారు.

ఏడు సెకన్లు ఉన్నాయి నాకు. అంత పొడుగాటి ఏడు సెకన్లు నేనెప్పుడూ చూడలేదు.

“నొక్కండి! వీణ!” అన్నారు ప్రసూన గారు.

నేను రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. ఇదేదో ధైర్యం అని చెప్పుకోను. చేతులు బయట ఉంటే అలవాటు కొద్దీ నొక్కేస్తానని భయం.

తర్వాత తొమ్మిది నిమిషాలు నూకరత్నం ఒడ్డుని ఇంటింటికీ పేరుపెట్టి తిట్టింది. ఏ బోటు ఎవరిదో, ఏ బోటు మీద ఎవరి కొడుకున్నాడో, ఎవడికి కొత్తగా పెళ్ళయిందో, ఎవడి పెళ్ళాం నెలలు నిండి ఉందో అన్నీ ఆవిడకి తెలుసు. ఒక్కణ్ణీ వదల్లేదు. ఏడాది మొత్తం మీద తిట్టాల్సినవన్నీ, పరిషత్తు ఆపేసిన నెలన్నర బాకీతో సహా తిట్టింది. “నేను సరే ఎల్లిరా అనన్రా. ఇంకెవుడితోనూ అనను. దిగండ్రా నా తండ్రుల్లారా, మీ జిమ్మడిపోనూ!”

ప్రసూన గారు నోటుబుక్కు తీసి ఒక్కో తిట్టుకీ ఒక్కో గీత పెట్టడం మొదలెట్టారు. అరవై మూడు దాకా పెట్టారు. ఆ తర్వాత పెన్ను పట్టుకుని కూర్చున్నారు గానీ గీతలు పెట్టలేదు.

ఆ తొమ్మిది నిమిషాల్లో రేవులో కదలబోయిన బోట్లన్నీ ఆగిపోయాయి. అప్పటికే కొంచెం దూరం పోయినవాటిని ఒడ్డున ఉన్న ఆడవాళ్ళు చీరకొంగులూపి, ఫోన్లు చేసి, వెనక్కి పిలిచారు. ధనరాజు తడిసిన లుంగీతో నేరుగా మా ఆఫీసుకే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నూకరత్నం వాణ్ణి చూసి చెంప మీద ఒక్కటిచ్చి, ఆ చేత్తోనే వాడి తల తుడిచింది. మర్నాడు పొద్దున్న తుఫాను తీరం దాటింది. మా ఊళ్ళలో ఇళ్ళ కప్పులు లేచాయి, కొబ్బరిచెట్లు పడ్డాయి. సముద్రం మీద మాత్రం ఒక్క మనిషి కూడా లేడు.

నాలుగు రోజుల తర్వాత కరెంటు వచ్చింది. దాంతోపాటే పరిషత్తు నోటీసూ వచ్చింది. విచారణ అపార్టుమెంటు కమ్యూనిటీ హాల్లో. వేదిక మీద ఏడుగురు సభ్యులు, మధ్యలో విశ్వపతి గారు. కింద నేను, కొండబాబు గారు, నూకరత్నం.

ముందుగా విశ్వపతి గారు లేచి, “తుఫాను సమయమున ప్రాణనష్టము సంభవించకపోవుటకు, పరిషత్తు రూపొందించిన సభ్యతాపూర్వక హెచ్చరిక మిక్కిలి తోడ్పడినదని సభ హర్షము ప్రకటించుచున్నది” అన్నారు. చప్పట్లు కొట్టారు. ప్రసూన గారు కొట్టలేదు.

“తదుపరి జరిగిన తొమ్మిది నిమిషముల అనధికార ప్రసారము విషయమై విచారణ. అమ్మా, మీరు వాడిన పదములన్నియు రికార్డులో నమోదు కావలెను. కార్యదర్శి గారి లెక్క అరవై మూడు వద్ద ఆగిపోయినది. కావున మీరు ఆ పదములను మా సమక్షమున మరొక్క పర్యాయము ఉచ్చరించవలెను.”

నూకరత్నం లేచి నిలబడింది. కొంగు సర్దుకుంది. వేదిక మీద ఉన్న ఏడుగురినీ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నెమ్మదిగా చూసింది.

“రావండీ” అంది.

“రావా? జ్ఞాపకం లేవా?”

“ఉన్నాయండి. మిమ్మల్ని చూత్తే రావండి. మీరేటి, వేటకి పోతారా, మునిగిపోతారా అండి? శుబ్బరంగా మేడ మీద ఉన్నారు. మిమ్మల్ని తిట్టడానికి నాకేం బెంగండి?”

కొండబాబు గారు లైసెన్సు గురించి ఆలోచిస్తున్నట్టు నేల చూశారు. ప్రసూన గారు నోటుబుక్కు మూసేశారు.

విశ్వపతి గారి మొహం మాత్రం మెల్లగా విప్పారింది. పక్కనున్న సభ్యులతో గుసగుసలాడి, అక్కడికక్కడే ఉత్తర్వు చదివారు. “విచారణ జరిగిన యావత్ సమయమునందు సదరు మహిళ ఒక్క అభ్యంతరకర పదమైనను వాడక, అందరినీ అండీ అని సంబోధించుచు, అత్యంత మర్యాదగా మాట్లాడియున్నారు. పరిషత్తు ఇచ్చిన శిక్షణ సఫలమైనదనుటకు ఇంతకన్న నిదర్శనము అక్కరలేదు. ఇకపై ఆమె చానల్ నందు ఇదే విధముగా మాట్లాడు షరతుపై కార్యక్రమమును కొనసాగించవచ్చును.”

“ఒద్దండి” అంది నూకరత్నం. “రేపట్నించి రేవులో నిలబడి చెప్పుకుంటానండి. టీవీ మీరే ఉంచుకోండి.”

అది కూడా ఎంతో వినయంగా అందని ఒక సభ్యుడు రాసుకున్నాడు. మళ్ళీ చప్పట్లు మోగాయి. నూకరత్నం వేదిక దగ్గరికి పోయి, రెండు చేతులూ జోడించి, ఒక్కొక్కరికీ విడివిడిగా, “ఉంటానండి, సెలవండి, తమరు సల్లగా ఉండండి” అని నమస్కారం పెట్టింది. ఏడుగురూ లేచి నిలబడి ప్రతినమస్కారం చేశారు.